మూట ముందు బయల్దేరింది

ఊరికే చూడ్డానికి ఎక్కడికైనా వెళ్లడమనేది మా వీధికి ఇంకా తెలియని రోజులవి. డెబ్బైల మొదట్లో మంగళగిరిలో మా చేనేత వీధివాళ్లు ఊరు దాటాలంటే పెళ్లయినా ఉండాలి, ఎవరికైనా ఒంట్లో బాగోకపోవడమైనా ఉండాలి, లేదంటే విజయవాడ కొట్లకి చీరలైనా వేయాలి. కొండో నదో చూసి రావడానికి బయల్దేరేవాళ్లని మేం సినిమాల్లోనే చూశాం. (వాళ్లు కూడా బస్సులో కాదు, కార్లో వెళ్లేవాళ్లు.) పోయిన నెల మా వదిన పోయింది. కర్మ అయిపోయాక ఆవిడ పిల్లలు, పిల్లలంటే ఇప్పుడు ముగ్గురికీ జుట్టు నెరిసింది, చాప మీద కూర్చుని ఉండవల్లి ప్రయాణం తలుచుకుని చాలాసేపు నవ్వారు. నేనూ నవ్వాను. ఎవరూ తప్పుపట్టలేదు. అందుకని రాస్తున్నాను.

అప్పటికి నాకు పందొమ్మిదేళ్లు. నాన్న నా చిన్నప్పుడే పోవడంతో పెదనాన్న ఇంట్లో పెరిగాను. ఇంటర్ పూర్తయింది. మగ్గం గుంటలో దిగితే పోగులు తెంపడం తప్ప ఇంకేదీ చేతకాక, మధ్యాహ్నాలు లైబ్రరీలో గడిపేవాణ్ణి. అక్కడ ఉండవల్లి గుహల గురించి ఒక పుస్తకం దొరికింది. మా ఊరికి ఏడెనిమిది మైళ్ల దూరంలో ఉన్న ఆ గుహల్ని నేనూ చూడలేదన్న సంగతి దాచిపెట్టి, పెదనాన్న కొడుకు, అంటే మా అన్నయ్య పిల్లలకి వాటి గురించి కథలు కథలుగా చెప్పాను. పెద్దదానికి పన్నెండేళ్లు. రెండోవాణ్ణి లాయరు అనేవాళ్లం, ఎవరేం చెప్పినా "అలాగని ఎవరన్నారు?" అని అడిగేవాడు గనక. చిట్టిదానికి ఐదేళ్లు. క్రిస్మస్ సెలవులిచ్చిన రోజున ఉత్సాహం పట్టలేక మాటిచ్చేశాను. బడి తెరిచేలోగా గుహలు చూస్తాం, అక్కణ్ణించి సీతానగరం రేవులో భోజనం, ఆ తర్వాత కృష్ణ మీద బ్యారేజీ ఆ చివరిదాకా నడక. "ఒట్టా?" అంది చిట్టిది. ఒట్టన్నాను. చాలదని నా చెయ్యి తీసి నా నెత్తి మీదే పెట్టించింది.

పాత క్యాలెండరు కాగితం వెనక ప్రయాణం ప్లాను రాశాను. ఎన్నింటికి బస్సు, ఎక్కడ దిగాలి, ఎవరు ఏం మొయ్యాలి, అన్నీ ఉన్నాయందులో. గుహల ముందు అరగంట సేపు చరిత్ర మీద నా ఉపన్యాసం కూడా ఉంది. (ఆ అరగంట కింద రెండు గీతలు గీశాను.) లేనిదల్లా పెదనాన్న అనుమతి. మా ఇంట్లో నాలుగు మగ్గాలు. పిల్లలు రాట్నం తిప్పి నూలు కండెలు చుట్టకపోతే మధ్యాహ్నానికి నాలుగూ ఆగిపోతాయి. నెల మొత్తం మీద మా మగ్గాలకి సెలవు ఒక్క అమావాస్యనాడే. అదృష్టవశాత్తూ ఆ నెల అమావాస్య బడి సెలవుల్లోనే పడింది. నేను ధైర్యం చేసి వెళ్లేసరికి పెదనాన్న మగ్గం మీద ఉన్నాడు.

"పెదనాన్నా, పిల్లల్ని ఓసారి ఉండవల్లి తీసుకెళ్దామని..."

"అక్కడెవరికి బాగాలేదు?"

"ఎవరికీ ఏం కాలేదు. గుహలు చూడ్డానికి."

"గుహలెక్కడికీ పోవులే. కండెలెవరు చుడతారు?"

"అమావాస్యనాడు వెళ్తాం. ఆ రోజు మగ్గాలెలాగూ ఆపుతాంగా."

ఆయన కాళ్ల కింద పలకలు ఆగిపోయాయి. కళ్లజోడు తీసి నన్ను చూశాడు. "అమావాస్యనాడు పసిపిల్లల్ని ప్రయాణం పెట్టిస్తావా? ఇదేనట్రా నువ్వు చదివిన ఇంటరు?"

అయిపోయింది. మగ్గం ఆడే రోజున కదలడానికి వీల్లేదు, మగ్గం ఆగే ఒక్క రోజూ గడప దాటడానికి వీల్లేదు. ఆ లెక్కన మా వీధిలో పుట్టినవాడు ఏ గుహనీ చూడకుండానే పోవాలి. ఆ సాయంత్రం చిట్టిది నా దగ్గరికొచ్చి నెత్తి తడిమి చూసింది. "ఒట్టు తప్పితే నీ తల పగులుతుందా బాబాయ్?" పగలదన్నాను. "అలాగని ఎవరన్నారు?" అన్నాడు లాయరు. పెద్దది మాత్రం రాట్నం తిప్పుతూనే ఉంది. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

రెండు రోజులు బుర్ర బద్దలుకొట్టుకున్నాక, దారి మా ఎదురింటి అరుగు మీదే కనిపించింది. పెదనాన్న చీరలు తీసుకుని విజయవాడ వెళ్లాల్సిన రోజు మంచిది కాకపోతే, అంతకు ముందే మంచి గడియ చూసి ఓ మూట ఎదురింటి మామ్మ ఇంట్లో పెట్టించేవాడు. దాన్ని ప్రస్థానం అంటారు. మూట గడప దాటితే ప్రయాణం మొదలైనట్టే. మనిషి తర్వాత ఎప్పుడు వెళ్లినా దోషం లేదు. వీధి మొత్తానికి మామ్మగారి ఇల్లే ప్రస్థానాల గది. ఆవిడ పెదనాన్నని చిన్నప్పుడు ఎత్తుకు తిప్పిన మనిషి.

"త్రయోదశి పొద్దున్న పిల్లల మూట మామ్మ ఇంట్లో పెడతాం పెదనాన్నా. అమావాస్యనాడు మేం బయల్దేరం. బయల్దేరిన ప్రయాణాన్ని కొనసాగిస్తాం, అంతే."

ఆయన పంచాంగం తెప్పించి చూశాడు. ఎక్కడా పట్టు దొరకలేదు. ఆయన జీవితమంతా చేసినదాన్నే నేను అడిగాను మరి. చివరికి, "ఒకరి వస్తువు ఇంకొకరికి చెల్లదు. ఎవరు ప్రయాణం చేస్తారో వాళ్లందరివీ మూటలో ఉండాలి. పెట్టాక ప్రయాణం రోజుదాకా విప్పకూడదు, వెనక్కి తేకూడదు," అన్నాడు. నేను గెలిచాననుకున్నాను.

త్రయోదశి పొద్దున్న చలికి వణుకుతూ మూట కట్టాం. పెద్దది అందులో రిబ్బను వేసింది. లాయరు ఉన్న ఒక్క మంచి చొక్కా వేసేసి, ఆ రెండు రోజులూ దుప్పటి కప్పుకు తిరిగాడు. నా ప్లానులో వదిన పేరు లేదు. పులిహోర మొయ్యడం ఎవరి వంతో రాశాను గానీ, అది చేసే మనిషి కూడా వస్తుందని రాయలేదు. ఆవిడ తన దువ్వెన తెచ్చి మూటలో పెట్టింది. ఎప్పుడూ పుట్టింటికి తప్ప ఎక్కడికీ వెళ్లని మనిషి. నేను సిగ్గుపడి, నా వంతుగా నాకు అన్నిటికంటే విలువైనది వేశాను, ఆ ప్లాను కాగితం. (మూట ఎదురింటికి చేరాక గాని నాకు గుర్తురాలేదు, బస్సు వేళలన్నీ అందులోనే ఉన్నాయని.)

కాసేపటికి పెదనాన్న మగ్గం గుంటలో దిగబోతూ వేసిన కేక ఇల్లంతా వినిపించింది. "నా కళ్లజోడేదర్రా?" తెగిన పోగు అతకాలంటే ఆయనకి కళ్లజోడు ఉండాల్సిందే. గూళ్లూ పెట్టెలూ వెతికాం. చివరికి చిట్టిది నింపాదిగా చెప్పింది. "మూటలో ఉంది తాతయ్యా. అందరివీ పెట్టాలన్నావుగా."

"నేను వస్తున్నానని నీకెవరు చెప్పారే?"

"రావట్లేదని ఎవరన్నారు?" అన్నాడు లాయరు దుప్పట్లోంచి.

కళ్లజోడు ఉండే గూడు చిట్టిదానికి అందదు. ఆ సంగతి పెదనాన్నకి తట్టలేదు, నాకూ అప్పుడు తట్టలేదు. వదిన అటు తిరిగి పొయ్యి ఊదుతోంది. పొయ్యి బాగానే మండుతోంది.

పెదనాన్న విసవిసా వీధి దాటాడు. మూట విప్పాడంటే మా ప్రయాణం అక్కడితో సరి. ముగ్గురు పిల్లలూ తలుపు చాటు నుంచి చూస్తున్నారు, నేనూ వాళ్ల వెనక నుంచే చూస్తున్నాను. (పందొమ్మిదేళ్లవాడు నిలబడాల్సిన చోటు అది కాదని తెలుసు.) మామ్మ అరుగు మీద చిక్కుళ్లు వలుస్తోంది.

"మామ్మా, ఆ మూట ఇలా ఇవ్వు. నా కళ్లజోడు పడింది అందులో."

"ఏరా అబ్బాయ్, విప్పకూడదని ఇందాక నువ్వేగా చెప్పి వెళ్లావు?"

"పొరపాటున పడింది మామ్మా!"

"ఎలా పడితేనేం? నీ వస్తువు గడప దాటింది. నువ్వు బయల్దేరావు. ఇప్పుడు వెనక్కి తీస్తే ఆ పసివాళ్ల ప్రయాణం కూడా చెడుతుంది. తీసుకుంటానంటే తీసుకో, నాదేం పోయింది?"

ఆయన మూట మీద చెయ్యి వేశాడు. వేసి, అలాగే నిలబడ్డాడు. వెనక్కి తిరిగి మా తలుపు వైపు చూశాడు. తలుపు సందులో ఎన్ని కళ్లున్నాయో కళ్లజోడు లేకపోయినా ఆయనకి కనిపించే ఉంటుంది. భుజం మీది శాలువా తీసి మూట మీద పెట్టాడు. "ఇదీ ఉంచు మామ్మా. గట్టు మీద చలి ఎక్కువుంటుంది," అన్నాడు. లాయరు దుప్పటి పైకి ఎగరేశాడు. నేను చెయ్యాల్సిన పని వాడు చేశాడు.

అమావాస్యనాడు తెల్లారుతూనే మామ్మ ఇంటి నుంచి మూట తీసుకుని కదిలాం. అన్నయ్య మాత్రం ఆ రోజంతా నిద్రపోతానని ఇంట్లో ఉండిపోయాడు. పొగమంచులో బస్సు కిటికీ నుంచి ఏమీ కనిపించకపోయినా, పిల్లలు కనిపించినట్టే ఒకరికొకరు చూపించుకున్నారు. గుహల ముందు నేను గొంతు సవరించుకుని రాజవంశాలతో మొదలుపెట్టాను. రెండో రాజు వచ్చేసరికి నా ఎదురుగా ఒక మేక తప్ప ఎవరూ లేరు. పిల్లలు పై అంతస్తులో కేకలు పెడుతున్నారు. చీకట్లో పడుకుని ఉన్న దేవుడి పెద్ద రాతి విగ్రహం దగ్గర పెదనాన్న కళ్లజోడు పెట్టుకుని, వంగి, వేలితో రాతిని తడుముతున్నాడు. "ఈ బట్ట మడత చూశావా? దీన్ని చెక్కినవాడికి నేత తెలుసురా," అన్నాడు. నేను చదివిన పుస్తకంలో ఆ ముక్క లేదు.

రేవులో పులిహోర తిన్నాం. వదిన నీళ్లలో కాళ్లు పెట్టుకుని, ఎవరూ పిలవకపోవడంతో, చాలాసేపు కూర్చుంది. బ్యారేజీ మీద లాయరు గేట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. సగం దాటాక, కింద పడవని చూసి లెక్క మరిచిపోయాడు. పెదనాన్న, చిట్టిదాన్ని భుజం మీద ఎత్తుకుని ఉండి కూడా, "పని సగంలో వదలకూడదు," అని అందర్నీ మొదటి గేటు దాకా వెనక్కి నడిపించాడు. రెండోసారి ఆయనే పైకి లెక్కపెట్టాడు. అవతలి ఒడ్డు చేరేసరికి ఆయన లెక్క వేరు, లాయరు లెక్క వేరు. ఆ తగువు తిరుగు బస్సు దిగేదాకా సాగింది. ఇన్నేళ్ల తర్వాత, పోయిన నెల ఆ చాప మీద కూడా తెగలేదు.

మా పెదనాన్నతో వాదించి నేను గెలిచింది జీవితంలో అదొక్కసారే. అందులోనూ నేను గెలిచింది ఎంత, వదిన గెలిపించింది ఎంత, ఆయన గెలవనిచ్చింది ఎంత అని ఈ వయసులో ఆలోచిస్తే నా వాటాకి పెద్దగా ఏమీ మిగలదు. కానీ తిరుగు బస్సులో చిట్టిది నిద్రమత్తులో "మళ్లీ ఎక్కడికి బాబాయ్?" అని అడిగినప్పుడు, దారి తెలియదు, ఎన్ని మైళ్లో తెలియదు, "బందరు. సముద్రం," అని బస్సంతా వినపడేలా చెప్పిన కుర్రాడొకడున్నాడు. వాడికి ఈ సంగతులేవీ చెప్పదలుచుకోలేదు. వాణ్ణి ఆ సీట్లో అలాగే కూర్చోనిస్తాను.