పాలకొడిశా, ఆంకుడూ

డిగ్రీలో బోటనీ చదువుతున్న రోజుల్లో ఒకసారి కొత్తగూడెంలో మణుగూరు బస్సెక్కాను. పక్క సీట్లో కొత్తగా పెళ్లయిన అమ్మాయి కాయలున్న కొమ్మొకటి ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. ఆమె భర్త పక్కనే నిలబడ్డాడు.

"ఏం కొమ్మ అది?" అని అడిగాను.

"పాలకొడిశ, అక్కా. మా అత్తోళ్ల ఊర్ల ఆంకుడు చెట్టునే కొడిశ అంటరు. కాదంటే అందరు నవ్విన్రు. అందుకే వాళ్లకు సూపిద్దామని తల్లిగారింటి నుంచి తీస్కపోతున్న. రెండింటికీ పాలు కారతయి, రెండూ తెల్లగనే పూస్తయి. గానీ ఆంకుడు కాయలు జంటగ, కొసన అతుక్కొని ఉంటయి. ఇవి చూడు, జంటే గానీ కొసలు విడిగ ఉన్నయి."

కాయలు పట్టుకొని చూశాను. "మా పుస్తకాల్లో కూడా అవి రెండూ వేరే జాతులే," అన్నాను.

ఆమె ముఖం వెలిగిపోయింది. "విన్నవా? మీ అమ్మకు జెప్పు," అంది భర్తతో.

"నువ్వే జెప్పు. నేను పక్కన నిలబడత," అన్నాడతను నవ్వుతూ.

అడవి మధ్య ఒక స్టేజీలో దిగారు. సంచులన్నీ అతనే మోస్తుంటే, ఆమె కొమ్మ పట్టుకొని ముందు నడిచింది.

ఇప్పుడు నేను లెక్చరర్‌ని. ఆ రెండు మొక్కల పాఠం వచ్చినప్పుడు, బోర్డు మీద పేర్లు రాయకముందే కాయలు పిల్లల చేతికిస్తాను.