కిరాయి గదిలో పిల్లి

నానక్‌రామ్‌గూడలో మా ఇంటి వెనక బండరాళ్లూ తుమ్మచెట్లూ ఉన్న ఖాళీ జాగా ఉండేది. పోయిన ఎండాకాలం అక్కడ టవరు కట్టడానికి జేసీబీలు దిగాయి. నెల తిరగకుండా పొదలన్నీ పోయాయి. వాటిలో బతికే జీవాలు ఎటు పోతాయో నేను ఆలోచించలేదు. నా ధ్యాసంతా మా పెట్ట పొదిగిన తొమ్మిది పిల్లల మీదే.

ఫోన్లో కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగం నాది, ఇంటి నుంచే చేస్తాను. చెవులకు హెడ్‌సెట్ ఉన్నా కళ్లు మాత్రం కిటికీ అవతల పెరట్లోనే. గద్దల భయానికి పెరడు మీద పాత చీరలు రెండు కట్టాను. చీర గాలికి కొట్టుకున్నా లేచి వెళ్లేదాన్ని. వచ్చి కూర్చునేలోపు ఇంకేదో చప్పుడు.

ఒక పొద్దున లెక్కపెడితే ఎనిమిదే ఉన్నాయి. మర్నాటికి ఆరు. ఈక లేదు, నెత్తురు చుక్క లేదు.

మా వెనక గదిలో నారాయణపేట వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి భర్తతో కిరాయికి ఉంటుంది. ఎదుటి ఆఫీసు టవర్లో ఆమె హౌస్‌కీపింగ్, అతను సెక్యూరిటీ. ఆమెకు ఒక బూడిదరంగు పిల్లి ఉండేది. తను కొనుక్కునే పాలల్లో సగం దానికే పోసేది. ఆ సాయంత్రం డ్యూటీ నుంచి వస్తుంటే గేటు దగ్గరే ఆపాను.

"నీ పిల్లే తింటున్నది."

"లేదక్కా, నేను పోయేటప్పుడు దాన్ని లోపలేసి గొళ్లెం పెడుతున్న."

"నీ గదికి కిటికీ లేదా? పిల్లినన్నా పంపియ్యి, గదన్నా ఖాళీ చెయ్యి."

 తెల్లారి ఆమె పిల్లిని బియ్యం సంచిలో పెట్టుకుని షేర్ ఆటో ఎక్కి, హఫీజ్‌పేట్ స్టేషన్ దగ్గర ఉండే చెల్లెలి ఇంట్లో వదిలి వచ్చింది. నల్లా కింద చెయ్యి కడుక్కుంటుంటే చూశాను. మోచేతి దాకా గీరుకుపోయి ఉంది. పీడ పోయిందనుకున్నాను గానీ మనసు కుదుటపడలేదు.

మూడో రోజు పదకొండింటికి నేను కాల్‌లో ఉండగా పెట్ట అరిచింది. హెడ్‌సెట్ విసిరేసి పరిగెత్తాను. గోడ అడుగున వాననీళ్లు పోయే మోరీ కన్నం ముందు ఒక ముంగిస. నోట్లో కోడిపిల్ల మెడ. ఒక్క క్షణం ఆగి నావంక చూసి, కన్నంలోకి దూరిపోయింది.

లోపలికి వచ్చేసరికి మా టీమ్ లీడ్ ఫోన్. ఆవిడది భీమవరం.

"కాల్ మధ్యలో వదిలేశారేంటండీ?"

"ముంగిస వచ్చిందండీ."

"ఏంటండీ?"

ఏదో సర్దిచెప్పాను. నాలుగింటికి ఆ అమ్మాయి వచ్చేదాకా కూర్చోలేకపోయాను. గేటు దాకా వెళ్లడం, తిరిగి రావడం. ఎలా మొదలుపెట్టాలో తెలియక, ఆమె కనబడగానే చెప్పేశాను.

"ముంగిసనే. నీ పిల్లి కాదు. నేను తప్పు మాటన్న."

ఆమె టిఫిన్ సంచి కింద పెట్టింది. "నేను చెప్పిన కదక్కా" అంది. అంతే. గొంతు పెంచి నాలుగు మాటలు అని ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

పిల్లిని తిరిగి తెచ్చుకుందామని ఆదివారం ఇద్దరం హఫీజ్‌పేట్ వెళ్లాం. "రెండు దినాలు తలుపు కాడనే కూసున్నది, మల్ల కనబడలే" అంది ఆమె చెల్లెలు. మధ్యాహ్నం దాకా స్టేషన్ చుట్టూ ఉన్న గల్లీలన్నీ తిరిగాం. ఆమె పిలుస్తూనే ఉంది. వేరే పిల్లులు రెండు వచ్చాయి గానీ, అది రాలేదు.

వాపసు వస్తుంటే కొత్తగూడలో ఇనుప సామాన్ల దుకాణం ముందు ఆమే ఆటో ఆపించింది.

"సన్న కండ్ల ఇనుప తీగల జాలి కొందాం అక్కా. పెద్ద కండ్లదైతే ముంగిస మూతి పెడతది."

ఆ సాయంత్రం మోరీ కన్నానికి జాలి పెట్టి సిమెంటుతో బిగించాం, నీళ్లు పోయేలా. కోళ్లగూడు చుట్టూ నాతో జానెడు లోతు తవ్వించి ఆమె జాలిని భూమిలోకి దించింది. "అది తవ్వుతది. పైన కడితే సాలదు" అంది. తీగ గుచ్చుకుని నా వేళ్లు తెగాయి. ఆమె నా చేతిలోంచి జాలి తీసుకుని తానే వంచింది.

వారం తర్వాత ముంగిస గేటు కింద నుంచి మళ్లీ వచ్చింది. గూడు చుట్టూ రెండుసార్లు తిరిగి, మూలన గీకి చూసి, గోడ వెంబడి వెళ్లిపోయింది. దాని కడుపు లోపలికి అంటుకుపోయి ఉంది. గోడ అవతల క్రేను తిరుగుతోంది. కర్ర చేతిలోనే ఉన్నా విసరలేకపోయాను.

మిగిలిన ఐదూ బతికాయి. ఇప్పుడు వాటిలో మూడు పెట్టలు గుడ్లు పెడుతున్నాయి. మొన్న ఆమెకు గుడ్లు ఇవ్వడానికి వెళ్లి, ఇంకో పిల్లిని తెచ్చుకోమన్నాను.

"వద్దక్కా" అంది, గుడ్లు అందుకుంటూ. "మల్ల మీ ఇంట్ల ఏదన్న పోతే దాని మీదికే వస్తది, నాకే ఫికరు."

అక్కడ నిలబడలేక, పొయ్యి మీద ఏదో ఉందని చెప్పి వచ్చేశాను.