మాస్టరుగారి చేతి చలవ

తన తెలివితక్కువతనం గురించి టైలరు మాస్టరుగారు చెప్పినంత వివరంగా ఆ వీధిలో ఇంకెవరూ చెప్పలేరు. నడుము కొలత తీసుకుంటూ మొదలుపెడితే, కాలి పొడవు దగ్గరికి వచ్చేసరికి కథ ఒక కొలిక్కి వస్తుంది. "ముప్పై ఏళ్ళుగా అందరి కొలతలూ తీస్తున్నానా, నా బుర్ర కొలత మాత్రం మొన్నటిదాకా తీసుకోలేదు" అంటూ ఎత్తుకుంటారు.

ఇంటి ముందుగదే ఆయన దుకాణం. రెండు కుట్టుమిషన్లు, ఒక పొడవాటి బల్ల, గోడకు వేలాడే చేతుల్లేని చొక్కాలు. కిటికీ బయట, గోడకూ వీధికీ మధ్య రెండు బారల నేల ఉంది. అందులో మూడు గులాబీలు, ఒక మందారం, నాలుగు మిరపమొక్కలు, గుబురుగా పుదీనా. ఎండలు మండిపోతూ వీధి వీధంతా వాడిపోయిన రోజుల్లో కూడా ఆ రెండు బారలూ కళకళలాడేవి. దాంతో మాస్టరుగారి చెయ్యి మంచిదని పేరొచ్చింది. పేరొచ్చాక ఊరుకుంటారా? సలహాలు మొదలుపెట్టారు.

"నీళ్ళదేముందండీ, ఎవరైనా పోస్తారు. మొక్కతో మాట్లాడాలి. పొద్దున్నే ఒకసారి పలకరించాలి" అనేవారు, గుండీలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళతో.

నిజానికి ఆయన నీళ్ళు పోసేది వారానికో చెంబు, అదీ గుర్తొస్తే. పలకరింపు మాత్రం రోజూ ఉండేది. మూల కూర్చుని కాజాలు కుట్టే భార్య ఇదంతా వింటూ, పళ్ళతో దారం తెంపి, ఇంకో కాజా మొదలుపెట్టేది.

ఇంత మంచి చెయ్యున్న మనిషికి ఒకటే బాధ. పై వాటాలో ఉండే నర్సమ్మ ఏసీ. ఆమెకు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ, పగలంతా నిద్ర. ఆమె నిద్రపోయినంతసేపూ ఆ ఏసీ గొట్టంలోంచి నీళ్ళు కిటికీ మీది రేకుపై టప్పు టప్పుమని పడేవి. కత్తెర పట్టుకుంటే టప్పు. సూదిలో దారం ఎక్కిస్తుంటే టప్పు. ఒకసారి ఒక పెద్దమనిషి ప్యాంటుకు ఒక కాలు రెండంగుళాలు పొట్టిగా వస్తే, నేరం మొత్తం ఆ చుక్కల మీదికే తోశారు. రెండు వేసవులు ఈ పోరు సాగింది. మెట్ల దగ్గర కనబడితే చాలు, మాస్టరుగారు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని నిలబడేవారు. చివరికి ఆ పిల్ల సిగ్గుపడిపోయి, మెకానిక్కును పిలిపించి, గొట్టాన్ని పెరటి కాలువలోకి మళ్ళించేసింది.

"ఇక మీకు చప్పుడుండదు బాబాయిగారూ. ఇన్నాళ్ళూ ఇబ్బంది పెట్టాను, ఏమీ అనుకోకండి" అంది.

మాస్టరుగారు ఆ మధ్యాహ్నం బల్ల మీదే హాయిగా కునుకు తీశారు.

పది రోజులు తిరక్కుండానే మందారం మొగ్గలు రాలాయి. తర్వాత గులాబీల ఆకులు పచ్చబడ్డాయి. పుదీనా అయితే చెప్పాపెట్టకుండా ఎండిపోయింది. మాస్టరుగారు పురుగనుకుని మందు కొట్టారు. మన్ను బాగోలేదని తవ్వి మార్చారు. అదీ చాలక రోజుకు మూడుసార్లు పలకరించడం మొదలుపెట్టారు. చివరికి ఎదురింటివాళ్ళు కూడా "ఎవరితోనండీ గొడవ?" అని అడిగేటంత గట్టిగా.

ఒకరోజు భార్య సూది పక్కన పెట్టింది.

"ఏమండీ, నీళ్ళు పోసి చూడకూడదూ?"

"ఇన్నాళ్ళూ పోశానా ఏంటి? బాగానే ఉన్నాయిగా!"

"మీరు పొయ్యలేదు. పైనుంచి పడేవి."

మాస్టరుగారు రేకు వంక చూశారు. రేకు వాలు చివర, సరిగ్గా గులాబీ మొదట్లో, చుక్కలు పడీ పడీ చిప్పంత గుంట. ఆ గుంటలోంచి మందారం దాకా, అక్కణ్ణించి పుదీనా దాకా సన్నటి చార. ఆయన భార్య వైపు తిరిగారు.

"నీకెప్పుడు తెలుసు?"

"మొదటి వేసవి నుంచీ."

"మరి చెప్పవేం?"

"మీరు మొక్కలతో మాట్లాడుతున్నారు కదా, మధ్యలో నేనెందుకని."

పై వాటాకు పద్దెనిమిది మెట్లు. మాస్టరుగారు ఆ మెట్లు మూడుసార్లు సగం దాకా ఎక్కి దిగారు. నాలుగోసారి తలుపు తెరుచుకుంది. నర్సమ్మ ఇంకా నిద్రకళ్ళతోనే ఉంది.

"ఏం బాబాయిగారూ, మళ్ళీ చప్పుడొస్తోందా?"

"లేదమ్మా. అదే... రావడం లేదు."

"మంచిదేగా!"

"మంచిదే అనుకో. కానీ ఆ గొట్టాన్ని మళ్ళీ ఇటు తిప్పితే..." గొంతు సవరించుకున్నారు. ఇక దాచి లాభం లేదనిపించింది. "నా మొక్కల్ని పెంచింది నువ్వేనమ్మా. పేరు నేను కొట్టేశాను."

ఆ పిల్ల గుమ్మం పట్టుకుని నవ్వింది. మాస్టరుగారికి ముందు తల కొట్టేసినట్లయింది కానీ, నవ్వు అంటుకుంటే ఆగుతుందా, ఆయనా మెట్ల మీద కూలబడి నవ్వేశారు.

గొట్టం మళ్ళీ ముందుకొచ్చింది. ఈసారి దాన్ని రేకు దాటించి కిందికి దించి, ఒక పీపా పెట్టారు. చప్పుడు సంగతి? మాస్టరుగారు గొట్టం మూతికి మూరెడు ముతకగుడ్డ పేలిక కట్టి పీపాలోకి వేలాడదీశారు. నీళ్ళు గుడ్డ వెంట జారి చడీచప్పుడూ లేకుండా దిగాయి. "రెండేళ్ళ తగాదాకి మూరెడు గుడ్డ మందు. పైగా నేను గుడ్డలవాణ్ణి" అని ఇక్కడ ఆయన నుదురు కొట్టుకుంటారు.

అంతటితో ఆగితే ఆయన మాస్టరుగారు ఎందుకవుతారు? కత్తిరించే ముందు నూలుగుడ్డల్ని నీళ్ళలో నానబెట్టడం ఆయనకు అలవాటు, కుట్టాక కుంచించుకుపోకుండా. ఆ నీళ్ళన్నీ ఇన్నేళ్ళూ మోరీపాలు. ఇప్పుడు ఒక్క చుక్క వదలనని పంతం పట్టి, కొత్త గుడ్డ నానిన నీళ్ళు బకెట్లకు బకెట్లు మిరపమొక్కలకు కుమ్మరించారు. గుడ్డల్లోని గంజి అంతా మట్టికి పట్టి, పైన అట్టకట్టి, చీమలు బారులు తీరాయి.

"మట్టికి కాలరు పట్టీ వేశారు. ఇస్త్రీ కూడా చేసెయ్యండి" అంది భార్య.

ఆ తర్వాత ఆమె చెప్పినట్టే నడిచింది. గుడ్డ మొదటిసారి నానిన నీళ్ళు మరుగుదొడ్డికి, రెండోసారి జాడించినవి మొక్కలకు. ఆవిరి ఇస్త్రీపెట్టెలోకి పీపాలోని ఏసీ నీళ్ళు. పంపునీళ్ళతో నెలనెలా పూడుకుపోయే దాని చిల్లులు మళ్ళీ పూడలేదు. రంగు దిగే గుడ్డ అయితే మాత్రం ఆ నీళ్ళు మోరీకే తప్ప ఎటూ వెళ్ళకూడదని కచ్చితంగా చెప్పింది.

మందారం తేరుకుంది. గులాబీల్లో ఒకటి పోయింది. చలికాలం వచ్చి ఏసీ ఆగిపోయాక పీపా అడుగంటింది. మాస్టరుగారు కూరగాయలు కడిగిన నీళ్ళు, గుడ్డలు జాడించిన నీళ్ళు చెంబుతో మోసుకెళ్ళి పోశారు. నడుం పట్టేసింది. కొలత తీయడానికి వంగినప్పుడల్లా "అమ్మా" అనేవారు. వచ్చినవాళ్ళు అడిగితే మొదటినుంచీ చెప్పేవారు.

పోయిన గులాబీ చోట భార్య ఒక టమాటా మొక్క నాటింది. మొత్తం ఏడు కాయలు కాశాయి, గోలీలంతేసి. మూడు పై వాటాకు పంపించారు.