దిబ్బ ఒడ్డున కొంగలు

మా అత్తమ్మకు కళ్లు బాగానే కనిపించేవి. సూదిలో దారం ఎక్కించేది. చర్చిలో చివరి వరుసలో కూర్చుని, ముందు వరుసలో ఎవరిది కొత్త చీరో చెప్పేది. అలాంటి మనిషి, చెరువు మధ్యనున్న దిబ్బ అంచున తెల్లగా కనబడుతున్నవి కొంగలని వాదిస్తే నాకు ఒళ్లు మండదా?

"కొంగలైతే ఎగురయా అత్తమ్మా? పొద్దంత గట్లనే కూసుంటయా?" అన్నాను.

"నీకు అన్నీ అనుమానాలేనే! మీ జోగిపేటల కొంగలు లేవా ఏంది? శాపలు దొరుకుతుంటే ఎటు పోతయ్?"

ఇగ పుట్టింటి ఊరిని కూడా లాగింది కాబట్టి ఆ రోజుకు నోరు మూసుకున్నాను.

పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీలు లేస్తున్న రోజులవి. మా ఆయనకు అందులో ఒకదానిలో పని దొరికింది. ఉప్పులాంటి తెల్లటి పొడిని ప్లాస్టిక్ సంచుల్లో నింపి మూతులు కట్టాలి. ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా ఆ పొడే. దగ్గు మొదలైందంటే పక్కింటివాళ్లు కూడా లేచి కూర్చోవాల్సిందే. మానెయ్యమని రోజూ పోరు పెట్టాను.

"బర్రె ఈననియ్యే. పాలు అమ్ముకుంట, చెరువు కింద పొలం చేసుకుంట. ఆ దినమే మానేస్త," అన్నాడు.

ఇంట్లో ఉన్నది ఒక్కటే బర్రె. సూడితో ఉంది. అది ఎప్పుడు ఈనుతుందా, ఈయన ఎప్పుడు ఆ పని మానతాడా అని కళ్లు కాయలు కాచేలా చూశాను.

మా ఊళ్లో బర్రెల వెంట ఎవరూ వెళ్లేవారు కాదు. పొద్దున చెరువులోకి తోలితే చాలు, వాటంతట అవే దిబ్బకు ఈదుకుంటూ పోయి, పచ్చిక మేసి, పొద్దుగూకే వేళకు తిరిగొచ్చేవి. అందుకే దిబ్బ మీద ఏముందో చూసిన మనిషి ఊళ్లో ఒక్కడూ లేడు. ఫ్యాక్టరీవాళ్లేమో చిరిగిన సంచుల్ని గోడవతల వాగు పక్కన కుప్ప పోసేవారు. అవేం చేస్తారని నేను పోరగా పోరగా, మా ఆయన వెళ్లి ఫ్యాక్టరీ సాబును అడిగాడు.

"బారిష్ మే సబ్ బహ్ జాయేగా అన్నడే," అని వచ్చి సంతోషంగా చెప్పాడు.

వానకు కొట్టుకుపోతాయట! ఎక్కడికి పోతాయని ఆ మహానుభావుడూ ఆలోచించలేదు, ఈయనా అడగలేదు. వాగు వచ్చి కలిసేది మా చెరువులోనే కదా. వానకు కొట్టుకొచ్చిన సంచుల్ని గాలి దిబ్బ అంచుకు నెట్టింది. అయ్యో, బర్రెను ఇంటి దగ్గర కట్టేద్దాం, గడ్డి నేను కోసుకొస్తా అని మొత్తుకున్నాను.

"సూడిబర్రె ఈదితేనే కాన్పు సులువైతది. నీకేం తెల్సు?" అంది అత్తమ్మ. మా ఆయన తల్లి మాటకే తల ఊపాడు. ఇద్దరూ ఇద్దరే!

ఒకరోజు బర్రె నెమరు వేయడం మానేసింది. డొక్కలు ఉబ్బాయి. అత్తమ్మ వాము నూరి పోసింది, దాని వీపు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. సంగారెడ్డి నుంచి పశువుల డాక్టరు వచ్చేసరికి అది కాళ్లు చాపేసింది.

డాక్టరు కడుపు కోసి చూపించాడు. తెల్లటి సంచులు, ముద్దలు ముద్దలుగా. ఉప్పు రుచికి నాకీ నాకీ మింగిందట. కడుపులోని దూడకు అప్పటికే వెంట్రుకలు వచ్చాయి. ఒక సంచి మూతికి ముడి ఇంకా ఊడలేదు. మా ఆయన దాన్ని వేలితో తడిమి చూసి, "గిది నేను కట్టిందే," అన్నాడు.

"కొంగలనుకున్న బిడ్డా," అని అత్తమ్మ నేల మీద కూలబడింది. ఆమెను నాలుగు మాటలు అనాలని ఎన్నాళ్లుగానో దాచుకున్నాను. పోయి ఆమె రెక్క పట్టుకుని లేపాను.

మర్నాడు ఫ్యాక్టరీ సైరన్ మోగింది. పోవద్దని నోటిదాకా వచ్చింది. ఇక ఆ జీతం తప్ప దిక్కేముంది? అన్నం డబ్బా కట్టి నా చేత్తోనే ఇచ్చాను. దగ్గుకుంటూ వెళ్లి, సంచులకు మూతులు కట్టడానికి కూర్చున్నాడు.