బేత్లెహేము వెళ్లే రైలు

బీటెక్ ఎలక్ట్రికల్ పూర్తిచేసి, ఉద్యోగం రాక, ఇంట్లో మూడు పూటలా తింటూ కూర్చున్న ఆ రోజుల్లో కరెంటు గురించి నాకు తెలియనిదంటూ ఏమీ ఉండేది కాదు. తెలియదని తెలిసింది తర్వాతే. చీరాలలో మా వీధిలో ఎవరింట్లో ఫ్యాను తిరగకపోయినా పిలవకుండానే వెళ్లేవాణ్ణి. నేను వెళ్లొచ్చాక ఆ ఇంట్లో లైట్లు కూడా వెలిగేవి కావు. అందుకని అందరూ నన్ను 'ఫీజుగాడు' అనేవాళ్లు. (నేను దాన్ని చాలాకాలం బిరుదనుకున్నాను.)

అలాంటి నాకొక సంబంధం వచ్చింది. మా చర్చివాళ్లే, రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన పెద్దమనిషి కూతురు. ఆ అమ్మాయి క్వయర్‌లో పాడుతుంటే పాట పుస్తకం తలకిందులుగా పట్టుకుని నిలబడిన ఆదివారాలు నాకున్నాయి. గార్డుగారు మాత్రం బళ్లో టీచరైన మా అమ్మతో ఒకటే మాట అన్నారట. "ఉద్యోగం ఇవాళ కాకపోతే రేపొస్తుంది టీచరుగారూ. అబ్బాయి చేతిలో పనుందా లేదా, అది చూడాలి నాకు." అమ్మ ఆ మాట నాకు చేరవేసి, కాసేపు నా చేతులవైపు చూసి, నిట్టూర్చి వంటింట్లోకి వెళ్లిపోయింది. అప్పుడు క్రిస్మస్ దగ్గర పడుతోంది, చర్చిలో యేసు పుట్టిన పశువుల పాక బొమ్మ కట్టే పని మా కుర్రాళ్లది. రైలు మనిషిని మెప్పించాలంటే రైలే నడపాలని నాకు తట్టింది.

"బేత్లెహేముకి రైలెక్కడిదయ్యా?" అన్నారు పాస్టరుగారు. "బాలయేసుని చూడ్డానికి ముగ్గురు జ్ఞానులు చాలా దూరం నుంచి రావాలి కదండీ, ఈసారి ఒంటెల బొమ్మలు దొరకలేదు" అన్నాను. ఆయన కళ్లు మూసుకున్నారు. ప్రార్థన చేశారో, నన్ను చూడలేకపోయారో తెలీదు గానీ, వద్దని మాత్రం అనలేదు.

మా పెద్దమ్మ కొడుకు చిన్నప్పుడు ఆడుకుని వదిలేసిన కరెంటు బొమ్మరైలుకి మరికొన్ని పట్టాలు తెప్పించి, డాబా మీద కోడిగుడ్డు ఆకారంలో పరిచి చూశాను. అడాప్టరు వైరు కలిపిన చోట ఎక్స్‌ప్రెస్‌లా పరిగెత్తింది. అవతలి పక్కకి వెళ్లేసరికి ఔటర్లో ఆగిన పాసింజరులా నీరసపడింది. అంత దూరం పట్టాల అతుకుల గుండా పోయేసరికి కరెంటు అలిసిపోతోందన్నమాట. దీనికి మందు తేలికే. అదే అడాప్టరు నుంచి ఇంకో జత వైర్లు లాగి అవతల కూడా కలిపితే చాలు. కానీ అంత తేలిగ్గా అయిపోతే నా డిగ్రీ ఏం కావాలి? చెరో సగానికీ చెరో అడాప్టరు పెట్టాలని, ఒకదాని కరెంటు ఇంకోదానిలోకి పోకుండా మధ్యలో ప్లాస్టిక్ ముక్కలు అతకాలని నిర్ణయించాను. రెండు పాత తలుపులు సంపాదించి, ఒక్కోదాని మీద సగం సగం పట్టా బిగించాను.

ఇక్కడో సంగతి చెప్పాలి. మా వీధిలో తూర్పు పడమరల వాడకం లేదు. ఇంటి గుమ్మమైనా, పెళ్లిలో విస్తరి వేసే చోటైనా, అయితే సముద్రం వైపు, లేకపోతే ఊరి వైపు. కాబట్టి ప్లస్ వైరు ఏ పట్టాకివ్వాలన్న ప్రశ్న వచ్చినప్పుడు నేను తడుముకోలేదు. సముద్రం వైపు పట్టాకి. మర్చిపోకుండా పక్కింటి మగ్గం దగ్గర అడిగి తెచ్చుకున్న ఎర్ర నూలు ఆ వైరుకి ముడేశాను. రెండో తలుపుకీ అంతే, సముద్రం వైపు పట్టాకే ప్లస్. తలుపులు డాబా మీదికి ఎక్కవు, మా హాల్లో రెండూ ఒకేసారి పట్టవు గనక విడివిడిగా నడిపి చూశాను. బ్రహ్మాండంగా నడిచింది.

క్రిస్మస్ ముందురోజు సాయంత్రం చర్చి హాల్లో బెంచీల మీద రెండు తలుపులూ జతచేసి, కిందికి వేలాడేలా తెల్లగుడ్డ కప్పాం. గార్డుగారు ఇస్త్రీ చొక్కాతో ముందు నిలబడ్డారు. పక్కనే ఆ అమ్మాయి, ఆకుపచ్చ చెప్పులు. నేను స్విచ్చి వేశాను. జ్ఞానులు ముగ్గురూ పెట్టెలో కూర్చుని హుందాగా బయల్దేరారు, పాక ముందున్న ప్లాస్టిక్ ముక్క దాటారు, ఆగారు, వెనక్కి వెళ్లిపోయారు. ముక్క ఇవతలికి రాగానే మళ్లీ ముందుకెళ్లారు. మళ్లీ వెనక్కి. పిల్లలు చప్పట్లు కొట్టారు. "దారి మర్చిపోయినట్టున్నారు పాపం" అంది ఒక ముసలమ్మ. "ఎంతసేపండీ ఈ షంటింగు?" అన్నారు గార్డుగారు.

చూసొస్తానని చెప్పి నేను గుడ్డ కిందికి దూరాను. నిజం చెప్పాలంటే చూడ్డానికి కాదు. అటునుంచి పాక్కుంటూ వెనక గుమ్మంలోంచి బయటపడి, ఆటో ఎక్కి స్టేషనుకి, అక్కణ్ణించి వినుకొండలో మా మావయ్యగారింటికి పోదామని. సగం దూరం పాకేసరికి నా కొత్త చొక్కా వీపు దగ్గర తలుపు మేకుకి తగులుకుంది. ముందుకి పోతే చిరుగుతుంది, వెనక్కి పోతే పరువు పోతుంది. చేసేది లేక అక్కడే వెల్లకిలా తిరగబోయి, తిరగలేక, మెడ ఒక్కటీ తిప్పి పైకి చూశాను. రెండు ఎర్ర నూలు ముడులూ కనిపించాయి. రెండూ సముద్రం వైపే. మరి తప్పెక్కడ?

"సముద్రం ఎటు?" అని అరిచాను.

"బాబూ, తలకేమైనా తగిలిందా?" అన్నారు పాస్టరుగారు. అప్పుడు గుడ్డ కిందికి ఒక ఆకుపచ్చ చెప్పు జరిగింది. బొటనవేలు ఒక దిక్కు చూపించింది. "ఇటండీ" అంది ఆ అమ్మాయి. నాతో ఆమె అన్న మొదటి మాట అదే.

ఆ వేలువైపు చూస్తుంటే నా బుర్రలో దీపం వెలిగింది. సముద్రం ఉన్నచోటే ఉంది, గుండ్రంగా తిరిగొచ్చింది పట్టాలే. ఒక తలుపు మీద సముద్రం వైపున్నది బయటి పట్టా, రెండో తలుపు మీద సముద్రం వైపున్నది లోపలి పట్టా. ఒక సగం రైలుని పొమ్మంటుంటే ఇంకో సగం రమ్మంటోంది. చేయి అందిన తలుపు వైర్లు రెండూ అటుదిటు, ఇటుదటు మార్చాను. జ్ఞానులు ఈసారి ఆగకుండా చుట్టూ తిరిగొచ్చారు. (ఇందాకటిదే బాగుందని పిల్లలు గోల చేశారు.)

వీపు దగ్గర చిరిగిన చొక్కాతో బయటికొస్తే గార్డుగారు నన్ను కిందనుంచి పైదాకా చూసి, మా అమ్మతో అన్నారు. "పనివాడని చెప్పలేనండీ. కానీ పారిపోయే రకం కాదు." ఆ మాట మీదే మా పెళ్లి అయింది. మేకు సంగతి నేనెవరికీ చెప్పలేదు.

మొన్న క్రిస్మస్‌కి మా పాప కోసం అదే రైలు అటక మీంచి కిందికి దించుతుంటే మా ఆవిడ మామూలుగా అడిగే ప్రశ్న అడిగింది. "ముందు సముద్రం ఎటో చెప్పండి." నవ్వి, ఇక దాచడమెందుకని మేకు కథంతా చెప్పేశాను. ఆమె ఆశ్చర్యపడలేదు. "గుడ్డ కింద నుంచి మీ కాళ్లు వెనక గుమ్మం వైపు పోవడం చూశాగా" అంది.

"మరి మీ నాన్నకెందుకు చెప్పలేదు?"

"నిజంగా పోయేవాడు చొక్కా వదిలేసైనా పోతాడని" అంది పట్టాలు తుడుస్తూ.

నేను చొక్కా కోసమే ఆగానని ఇప్పటికీ నా అనుమానం. అయినా ఆ తలుపుల కింద మెడ తిప్పి సముద్రాన్ని వెతుక్కుంటున్న ఆ కుర్రాడంటే నాకీ మధ్య కాస్త ఇష్టం కలుగుతోంది. ప్లస్ వైరు బయటి పట్టాకిచ్చి, ఆమె చూడకుండా ఇంకోసారి సరిచూసుకున్నాను.