నోలీన్ పడవకు నల్ల తెరలు

డెబ్బై దాటిన నోలీన్ ఏ పనైనా మొదలుపెట్టిందంటే అది పూర్తయ్యేదాకా పెదవి విప్పదు. భర్త పోయాక కూడా ఆమె మోర్టన్ అఖాతం రేవులో తమ పడవ మీదే ఉండిపోయింది. పడవలను ఆనుకుని సాగే రేవు వంతెన మీద నడిచేవాళ్లలో కొందరు జాలికొద్దీ, కొందరు ఊరికే, ఆమె కిటికీల్లోకి తొంగిచూసేవారు. దానికితోడు పడమటి ఎండ. అందుకే నల్లటి వలగుడ్డ తెచ్చి, కత్తిరించి, అంచులు కుట్టి, పెదాల మధ్య ప్రెస్ బటన్లు బిగించుకుని, పడవ గోడకు తనే చిల్లులు వేసి, ప్రతి కిటికీకీ బయటినుంచి ఆ బటన్లతో తెర బిగించింది. లోపలినుంచి రేవంతా కనబడుతుంది, బయటివాళ్లకు నలుపే.

కొన్నాళ్లకు ఒక పొద్దున ఎవరో పడవ గోడను దబదబా బాదారు. పిలవకుండా ఒకరి పడవలో ఇంకొకరు కాలుపెట్టరు అక్కడ. పక్క పడవ క్లారీ టీ కప్పుతో వంతెన మీదే నిలబడి ఉన్నాడు.

"బతికే ఉన్నావా, ముసలిదానా?"

"నీ గోల వినాలిగా, ఉన్నాలే. ఏమైంది?"

"రోజూ టీ తాగుతూ నీ కిటికీకేసి కప్పెత్తుతున్నా. నువ్వు ఎత్తట్లేదు."

"ఎప్పట్లాగే ఎత్తుతున్నానయ్యా!"

"నాకు కనబడొద్దూ? నల్లగుడ్డకి కప్పెత్తుతుంటే భయమేస్తోంది. ఆ ఒక్కటీ తీసెయ్."

"తియ్యను," అంది నోలీన్.

ఆ సాయంత్రం ఆ కిటికీ తెర విప్పి ఒళ్లో వేసుకుని, కత్తెర పట్టుకుని కూర్చుంది. మర్నాడు క్లారీ కప్పెత్తేసరికి, మళ్లీ బిగించిన నల్ల తెర మధ్యలో, చుట్టూ నీటుగా అంచు కుట్టిన గుండ్రటి కంతలోంచి, టీ కప్పు పట్టుకున్న చెయ్యి ఒకటి బయటికొచ్చింది.