రెజీనా మీద పడిన నింద

సెత్తీమియాకి సైకిలు తొక్కడం రాదు. ఏడుగురు పిల్లల్లో ఆమె ఆఖరిది. ఇంట్లో ఉన్న ఒక్క సైకిలూ తండ్రిది. అది అన్నల చేతికే అందేది కాదు, ఇక ఆమె దాకా ఎక్కడొస్తుంది? తండ్రి పోయాక అన్నలు తలో ఊరి ఫ్యాక్టరీకి వెళ్ళిపోయారు. గొర్రెలు మాత్రం ఆమె వంతుకొచ్చాయి. ఆమెను చేసుకున్న ఒర్లాందో రాతి గనిలో పనిచేసేవాడు. ఒక చలికాలం పొద్దున కాఫీ తాగుతూ తాగుతూ బల్ల మీదికి ఒరిగిపోయాడు. ఆ సాయంత్రం కూడా సెత్తీమియా పాలు పితికింది. చావు కబురు గొర్రెలకు తెలియదు కదా.

ఒర్లాందో పనిచేసిన గని మూతపడ్డాక దాని లారీలు తిరిగిన దారి ఖాళీగా మిగిలింది. రోక్కా సాంతెల్మో ఊరి చివర మొదలై, అతెర్నో నది పక్కనే కొంత దూరం సాగి, ఓక్ చెట్ల కొండలెక్కి పచ్చికబయళ్ళలో తేలే తెల్ల కంకర దారి అది. బళ్ళు రాకుండా రెండు కొసల్లోనూ ఇనుప కడ్డీలు అడ్డం పెట్టారు. వాటి తాళాలు గొర్రెల వాళ్ళ దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేవు. కొన్నేళ్ళు గడ్డి మొలిచింది. తరవాత సైకిళ్ళ వాళ్ళు కనిపెట్టారు. కారు హారను వినిపించని దారి కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చేవారు, లావు టైర్ల సైకిళ్ళ మీద, మోకాళ్ళ దాకా తెల్లటి దుమ్ముతో.

మొదట్లో సెత్తీమియాకి వాళ్ళంటే ఒళ్ళు మంట. మలుపు తిరిగి ఒక్కసారిగా మంద మీదికి వచ్చిపడేవారు. గొర్రెలు చెల్లాచెదురయ్యేవి. తరవాత తరవాత దొడ్డి దగ్గర ఆగి నీళ్ళడగడం మొదలుపెట్టారు. నీళ్ళిచ్చిన చేత్తోనే రొట్టె ముక్క మీద రికోత్తా, అంటే మెత్తటి వేడి జున్ను, వేసి పెట్టేది. వాళ్ళు కళ్ళు మూసుకుని తింటుంటే చూడటం ఆమెకు బాగానే ఉండేది. దారి పక్కన ఒక చెక్క మీద రాసి పెట్టింది: కుక్కలు కనిపిస్తే దిగండి, మాట్లాడుకుంటూ నడవండి.

ఆ కొండల్లో తోడేళ్ళున్నాయి. మందను కాచేవి తెల్ల కుక్కలు. చక్రాల మీద దూసుకొచ్చే మనిషి వాటి కంటికి మనిషిలా కనపడడు. కాళ్ళు నేలకానించి నాలుగు మాటలు మాట్లాడాడంటే, వీడు మనవాడేనని వాటికి అర్థమవుతుంది. ఏం మాట్లాడామన్నది వాటికి పట్టదు. నాపొలీ నుంచి వచ్చిన ఒకాయన తన అత్తగారి మీద చాడీలన్నీ రెజీనాకి చెప్పుకుంటూ నడిచిపోయాడని బ్లాగోయ్ చాలాసార్లు చెప్పి నవ్వేవాడు. బ్లాగోయ్ మాసిడోనియా మనిషి. ఏళ్ళ తరబడి సెత్తీమియా దగ్గరే మంద కాస్తున్నాడు. రెజీనా కుక్కలన్నిటికీ పెద్దది. మిగతా వాటిలో సగం దాని పిల్లలే.

మే నెల చివర్లో ఒక మధ్యాహ్నం ఎర్మాన్నో అనే ఆయన పైనుంచి ఒంటరిగా దిగి వచ్చాడు. బొలోన్యాలో ఒక బళ్ళో క్లారినెట్ నేర్పే మాస్టారు. మలుపు దగ్గర మంద దారి దాటుతోంది. బ్లాగోయ్ మందకి ఆ చివర ఉన్నాడు, సెత్తీమియా దొడ్డిలో ఉంది. ముందు మొరుగుడు వినిపించింది, తరవాత కేక. వాళ్ళు పరుగెత్తుకొచ్చేసరికి ఆయన దారి పక్క కాలవలో సైకిలు కింద పడి ఉన్నాడు. రెజీనా ఆయన మొహం మీదికి వంగి మొరుగుతోంది. ఆయన కుడి పిక్క నెత్తురోడుతోంది. కరిచింది, కరిచింది అని వణికిపోతూ అదే మాట అంటున్నాడు.

సెత్తీమియా నీళ్ళు పోసి గాయం కడిగింది. బ్లాగోయ్ ఆయన్ని పికప్‌లో కూర్చోబెట్టి అడ్డుకడ్డీ దాకా దింపాడు. అక్కడినుంచి అంబులెన్స్ తీసుకుపోయింది. సైకిలు దొడ్డి గోడకి ఆనించి ఉండిపోయింది.

కుక్క కాటని ఆసుపత్రి వాళ్ళు రాశారు. అలా రాశాక పశువుల డాక్టరుకు కబురు వెళ్ళి తీరాలి. మర్నాడే డాక్టర్ లొరెదానా వచ్చింది. రెజీనా పళ్ళు చూసింది, కళ్ళు చూసింది. పిచ్చి లక్షణాలేమైనా కనిపిస్తాయేమో చూడాలి, పది రోజులు గొలుసేసి కట్టి ఉంచాలంది. ఆ తరవాత మేయరు నిర్ణయం. కిందటేడు పక్క లోయలో కొండల్లో నడకకు వచ్చిన ఒకణ్ణి కరిచిన కుక్కను మందలో ఉంచడానికి వీల్లేదన్నారు. అది ఇప్పుడు పట్నం బయట ఒక బోనులో ఉంది.

“రెజీనా ఎవర్నీ కరవలేదు డాక్టరమ్మా, ఇన్నేళ్ళలో,” అంది సెత్తీమియా.

“ఇన్నేళ్ళ సంగతి కాదు, నిన్నటి సంగతి. నేను చూళ్ళేదు. మీరు చూశారా?”

చూడలేదు.

ఆ ప్రశ్న సెత్తీమియాను వదల్లేదు. పాలు పితుకుతుంటే అదే, జున్ను పిండుతుంటే అదే. రెండేళ్ళ కిందట మంచులో రెజీనా తోడేలుతో కలబడి సగం చెవి పోగొట్టుకుంది. అయినా ఊళ్ళో పసిపిల్లలు మీదెక్కి ఆడితే కదలకుండా పడుకునేది. కానీ ఆ రోజు ఏం జరిగిందో ఎవరికి తెలుసు? ముసలిదవుతోంది, చూపు తగ్గిందేమో. సెత్తీమియా రోజూ దానికి పాలల్లో నానబెట్టిన రొట్టె చేత్తో తినిపించేది. ఇప్పుడు గిన్నెలో పెట్టి, గిన్నెను కర్రతో ముందుకు తోసి వచ్చేస్తోంది. అలా చేస్తున్నానని ఆమెకే మూడో రోజుగానీ తెలిసిరాలేదు. రెజీనా గిన్నె వైపు చూడకుండా ఆమె వైపే చూసేది.

బ్లాగోయ్ కూడా చూశాడు.

“దొరసానిగారూ, ఇవాళ కుక్కని అనుమానిస్తున్నారు. రేపు నాకూ గొలుసేస్తారు.”

“నీకెందుకు గొలుసు? నువ్వు మొరుగుతావంతే, కరవ్వు.”

అందే గానీ నవ్వలేదు. పెద్ద కుక్క లేని మంద ఎంత బెదురుతుందో ఇద్దరికీ తెలుసు. రెజీనా లేక దాని పిల్లలు కూడా దారీ తెన్నూ తెలియనట్టు తిరుగుతున్నాయి.

వారం గడిచాక ఎర్మాన్నో భార్య ఊళ్ళో కాఫీ బార్‌కి ఫోన్ చేసింది. సైకిలు అక్కడికి చేరిస్తే పార్శిల్ బండి వచ్చి తీసుకుంటుందట. పికప్ క్లచ్ పోయి గ్యారేజీలో ఉంది. బ్లాగోయ్ మందను వదిలి రాలేడు. జున్ను గది కడుగుతున్న సెత్తీమియా ప్యాంటు మోకాళ్ళ మీదికి మడిచి ఉండగానే సైకిలు తోసుకుంటూ బయలుదేరింది.

కొండ దిగాక దారి నది పక్కకి చేరింది. అక్కడ నేల చదునుగా, కాస్త వాలుగా ఉంటుంది. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. పోప్లార్ చెట్ల దూది గాల్లో తేలుతోంది. సైకిలు తనంతట తానే దొర్లుతోంది, ఆమె చెయ్యి ఆనిస్తే చాలు. సెత్తీమియా వెనక్కి చూసింది, ముందుకు చూసింది. కారు రాదు, లారీ రాదు, ఊరి ఆడవాళ్ళెవరూ రారు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి సైకిలెక్కితే చూసి నవ్వేవాళ్ళు ఆ దారి మీద లేరు.

కాలెత్తి సీటు మీద కూర్చుంది. ముందు రెండు కాళ్ళతో నేలను తన్నుకుంటూ పోయింది. తరవాత కాళ్ళు ఎత్తింది. చక్రాల కింద కంకర కరకరలాడింది. గాలి మొహానికి తగిలింది. చెట్లు ఒకదాని వెనక ఒకటి పక్కనుంచి వెళ్ళిపోయాయి. ఆమె నోరు తెరుచుకునే ఉంది. పెడల్ మీద పాదం పెట్టబోయి, భయపడి, బ్రేకు గట్టిగా నొక్కింది. సైకిలు ఆగింది, ఆమె ఆగలేదు.

దారి మధ్యలో కూర్చుని ముందు అన్నల్ని తిట్టింది, తరవాత ఒర్లాందోని, ఆ తరవాత సైకిళ్ళు కనిపెట్టినవాణ్ణి. కాలు చాపి చూసుకుంది.

కుడి పిక్క లోపలివైపు చుక్కలు వరసగా పడ్డాయి, కుట్టు మిషను మీద కుట్టినట్టు, కాస్త వంపు తిరిగి. ప్రతి చుక్క చుట్టూ నల్లటి జిడ్డు. మెల్లగా నెత్తురు ఊరుతోంది. ఇలాంటి గాయాన్ని ఆమె తన చేత్తోనే కడిగింది. ఆ రోజు ఆ నలుపును దారి మట్టి అనుకుంది. పక్కకి తిరిగి సైకిలు చూసింది. పెడల్ దగ్గరి చక్రానికి, చైను పట్టని చోట, పళ్ళు బయటకి పొడుచుకుని ఉన్నాయి.

ఊరికి వెళ్ళలేదు. కుంటుకుంటూ సైకిలు తోసుకుని వచ్చిన దారినే పైకి నడిచింది. నది పక్కనే ఉన్నా కాలు కడుక్కోలేదు.

ఆ మధ్యాహ్నం డాక్టర్ లొరెదానా రెజీనాని చూడటానికి రావలసి ఉంది. అప్పటికే వచ్చి బ్లాగోయ్ పెట్టిన కాఫీ తాగుతోంది. సెత్తీమియా కాలెత్తి పాల క్యాను మీద పెట్టింది.

“ఎవరు కరిచారు?” అంది డాక్టరు.

“ఆయన సైకిలే.”

డాక్టరు కప్పు కింద పెట్టింది. ఫోన్లో ఆసుపత్రి వాళ్ళు పంపిన ఫొటో తీసి ఆ పిక్క పక్కన పెట్టింది. చాలాసేపు చూసింది. ఒకేలా ఉన్నాయంది. కానీ తను అంటే చాలదు, ఆ మాట ఆయన నోటి నుంచి రావాలంది. అక్కడే కూర్చుని ఎర్మాన్నోకి ఫోన్ చేసి, గొంతు అందరికీ వినపడేలా పెట్టింది. కుక్క ఏ వైపు నుంచి వచ్చిందని అడిగింది. ఎడమవైపు నుంచి, పచ్చిక మీది నుంచి అన్నాడు. గాయం ఏ కాలికి? కుడి కాలికి. లోపలా, బయటా?

సెత్తీమియా పాల క్యాను అంచు పట్టుకుంది.

“లోపల,” అన్నాడు చివరికి. “లోపలివైపే. అంటే... మధ్యలో సైకిలుంది కదా. బోర్డు చూశానండీ. దిగబోయాను. ఒక కాలు తీశాను, కంకర జారింది. అది నా మొహం మీద మొరిగింది, దాని ఊపిరి తగిలింది. కాలు భగ్గుమంది. కరిచిందనుకున్నాను.”

“దాని పళ్ళు తగలడం చూశారా?”

“లేదు. చూడలేదు. అయ్యో, ఆ ప్రాణిని కట్టేశారా?” అన్నాడు.

ఈ మాటలన్నీ రాసి ఇప్పుడే పంపుతానన్నాడు, మేయరుతో తనే మాట్లాడతానన్నాడు. రాత్రిళ్ళు ఆ మొరుగుడు వినిపించి లేచి కూర్చుంటున్నాడట. ఇక నిద్ర పడుతుందేమో అన్నాడు. అమ్మగారు అక్కడుంటే ఒక్క మనవి అన్నాడు: తనంతట తనే పడ్డానన్న సంగతి బార్‌లో చెప్పొద్దని.

“నేనూ పడ్డాను మాస్టారూ,” అంది సెత్తీమియా. “నేను మాత్రం ఎవరితో చెప్పుకుంటాను?”

కాఫీ రెండోసారి పొంగేలోపే ఆయన రాసింది డాక్టరు ఫోనుకి వచ్చింది. కాటే లేనప్పుడు కట్టడీ లేదు, విప్పెయ్యమంది డాక్టరు.

సెత్తీమియా వంగి గొలుసు తీసింది. కొక్కెం ఒక పట్టాన రాలేదు. రెజీనా పరుగెత్తలేదు. ఒళ్ళు దులుపుకుంది, తొట్టిలో నీళ్ళు తాగింది, సెత్తీమియా పిక్క వాసన చూసి తుమ్మింది. తరవాత తోడేళ్ళు పట్టకుండా మెడలో వేసిన మేకుల పట్టీతో, తన నడకే తను నడుస్తూ, మంద గంటలు వినిపిస్తున్న కొండ వైపు వెళ్ళింది. పైన పిల్లకుక్క ఏదో మొరిగింది, ఇంకోటి అందుకుంది.

సైకిలు మళ్ళీ ఎవరు దింపుతారని బ్లాగోయ్ అడిగాడు. నువ్వే, నడిపించుకుంటూ పో, ఎక్కకు, అంది సెత్తీమియా. పాల క్యాను మీద కూలబడింది. కాలు నొప్పెడుతోందని అప్పుడు తెలిసింది ఆమెకి.